రెప్పపాటులో రెక్కపాటు: వార్షిక నివేదిక

గౌరవనీయులైన అధ్యక్షులకు, కార్యవర్గ సభ్యులకు, సంఘ సభ్యులందరికీ నమస్కారాలు.

నిబంధనావళి ప్రకారం సర్వసభ్య సమావేశం ముందు ఉంచవలసిన వార్షిక నివేదికను కార్యవర్గం తరఫున సమర్పిస్తున్నాను. ఎగిరే సముద్ర పక్షులను ఫొటో తీయడానికే ఏర్పడిన సంఘం మనది. ఆశయాలు మీకు తెలిసినవే కనుక నేరుగా జరిగిన పనిలోకి వస్తాను.

ఈ ఏడాది తీరానికి వెళ్ళిన ప్రతిసారీ కొత్త సభ్యులకు కెమెరా అమరికల కంటే ముందు గాలిని చూడటం నేర్పించాం. పక్షి లేచేటప్పుడూ దిగేటప్పుడూ గాలికి ఎదురుగానే ఉంటుంది. అందుచేత గాలి, ఎండ రెండూ మన వీపు వైపు నుంచి వచ్చే చోటు వెతుక్కుని నిలబడితే, పక్షి మనకు ముఖం చూపిస్తూ, వేగం తగ్గించుకుంటూ, కంట్లో వెలుగు మెరుస్తూ వస్తుంది. సముద్రం పడమట ఉన్న తీరాల్లో పొద్దు పొడిచే వేళ ఈ రెండూ కలిసి వస్తాయి, ఎందుకంటే ఆ వేళ గాలి నేల మీద నుంచి నీటి వైపు వీస్తుంది, సూర్యుడూ నేల వైపు నుంచే లేస్తాడు. తూర్పు తీరాల్లో అలా కుదరదు. అక్కడ సాయంత్రపు ఎండ వెనక నుంచి వచ్చినా సముద్రపు గాలి మాత్రం ఎదురుగా కొడుతుంది. ఈ లెక్క అర్థమైన సభ్యుల ఫొటోల్లో వచ్చిన మార్పు నాకు స్పష్టంగా కనిపించింది.

రెండో పాఠం తెలుపు గురించి. తెల్లటి ఈకలుండే సముద్ర పక్షి గల్ ఒక క్షణం ముదురు నీటి మీద, మరుక్షణం మెరిసే ఆకాశం మీద కనిపిస్తుంది. వెలుతురు కొలతను కెమెరాకే వదిలేస్తే మొదటి ఫ్రేములో ఈకలు కాలిపోయినట్టు తెల్లబడతాయి, రెండో ఫ్రేములో పక్షి నల్లటి నీడగా మిగులుతుంది. పక్షి మీద పడే ఎండ మాత్రం మారలేదు. అందుకే ఈకల తెలుపును బట్టి ఎక్స్‌పోజర్‌ను, అంటే కెమెరాలోకి వచ్చే వెలుగు మోతాదును, చేత్తోనే స్థిరపరచుకోవాలని పదేపదే చెప్పాం. షట్టర్ వేగం, అంటే వెలుగును లోపలికి వదిలే వ్యవధి, గల్ పక్షులకు సెకనులో 2000వ వంతు, గల్‌ను పోలి సన్నగా ఉండి నీటిలోకి దూకే టెర్న్ పక్షులకు 3200వ వంతు ఉండేలా చూసుకున్నాం.

ఈ సంవత్సరం మన సంఘం గర్వంగా చెప్పుకోవలసిన కార్యక్రమం ఫొటోల ప్రదర్శన. ఫ్రెంచి శాస్త్రవేత్త ఎతియెన్ జూల్ మారే 1882లో తుపాకి ఆకారంలో ఒక కెమెరా తయారుచేసి, దానితో సెకనుకు 12 చిత్రాల చొప్పున ఎగిరే పక్షులను తీశాడు. ఆయన గురిపెట్టినవాటిలో గల్ పక్షులున్నాయి. ఆ పనిని ఈనాటి కెమెరాలతో మళ్ళీ చేసి చూడాలన్నది మన సభ్యుల సంకల్పం. గల్ సెకనుకు సుమారు మూడుసార్లు రెక్క ఆడిస్తుంది కనుక 12 చిత్రాల్లో ఒక్కో రెక్కపాటుకు నాలుగు భంగిమలే దొరుకుతాయి. సెకనుకు 20 ఫ్రేములు తీస్తే ఆరేడు దొరుకుతాయి. పైకి లేస్తున్న రెక్క మణికట్టు దగ్గర మడుచుకోవడం, కిందికి దిగేటప్పుడు పూర్తిగా విచ్చుకోవడం, చివరి ఈకలు గాలి ఒత్తిడికి పైకి వంగడం అప్పుడే వరుసగా కంటికి కనిపిస్తాయి. మొదటి రోజు తీసినవన్నీ పక్కన పెట్టవలసి వచ్చింది. కొన్ని కెమెరాల ఎలక్ట్రానిక్ షట్టర్ చిత్రాన్ని వరుస వరుసగా చదువుతుంది, ఆ లోగా రెక్క కదిలిపోయి లేని వంపు ఒకటి ఫొటోలో కనిపిస్తుంది. మర్నాటి నుంచి, నిజంగా తెర కదిలే మెకానికల్ షట్టర్‌తోనే తీశాం. గోడ మీద పెట్టినప్పుడు వరుసలో ఏ ఫ్రేమునూ తొలగించలేదు. రెక్క కొన తెగినవీ, తల కాస్త మసకబారినవీ తమ స్థానంలోనే ఉన్నాయి. అందమైన ఒక్క ఫొటోనే ఎంచుకునే అలవాటు మనందరికీ ఉంది, కానీ పక్షి ఎలా ఎగురుతుందో చెప్పేది వరుస మాత్రమే. చూడటానికి వచ్చిన పిల్లలు ఆ వరుస పక్కనే చేతులు చాచి, రెక్కల్లా ఆడిస్తూ నడవడం చూశాక మన శ్రమ ఫలించిందని నాకు అనిపించింది.

ఫొటోల భాండాగారం విషయంలో మాత్రం బాధతో రాయవలసి వస్తోంది. తీసిన ప్రతి ఫొటోకూ తేదీ, చోటు, పక్షి పేరు, ఈకలు రాల్చే దశ రాసిపెడితేనే అది పరిశోధకులకు పనికొస్తుంది. పసిఫిక్ సముద్రంలోని మిడ్‌వే దీవిలో 1956లో కాలికి గుర్తు ఉంగరం తొడిగిన లేసాన్ ఆల్బట్రాస్ అనే పెద్ద సముద్ర పక్షి ఒకటి అరవై ఏళ్ళు దాటాక కూడా గూటికి తిరిగి వచ్చిందని లోకానికి తెలిసింది ఆ ఉంగరపు గుర్తును చదివి, రాసిపెట్టినవారి వల్లనే. మన ఫొటోల్లోనూ దిగుతున్న పక్షి కాళ్ళు చాచినప్పుడు ఉంగరం కనిపించినవి ఉన్నాయి. వాటిని పెద్దవి చేసి చదవడానికి కూర్చునేవారే లేరు. పడవ ప్రయాణమంటే చోటు చాలనంతమంది పేర్లిస్తారు, ఫొటోలకు వివరాలు రాసే పనికి పిలిస్తే వచ్చేది ఎప్పుడూ అదే ముగ్గురు సభ్యులు. మాటిచ్చి రానివారు కనీసం ముందుగా తెలియజేయాలని మనవి.

పడవ ప్రయాణానికి అనుమతి కోరుతూ పెట్టుకున్న దరఖాస్తు సంబంధిత కార్యాలయంలో ఒక బల్ల మీద నుంచి మరో బల్ల మీదికి తిరిగి, వలస పక్షులు వెళ్ళిపోయిన తరువాత మంజూరైంది. కార్యవర్గ సభ్యులు సొంత పనులు మానుకుని ఎన్నిసార్లు అక్కడికి తిరిగారో మీరు గుర్తించాలి.

ఇంకొక విషయంలో మెతకగా మాట్లాడలేను. చాలా రకాల టెర్న్ పక్షులు ఒట్టి ఇసుక మీదే గుడ్లు పెడతాయి, ఆ గుడ్లు ఇసుకలో కలిసిపోయి కంటికి ఆనవు. పక్షులు ఒక్కసారిగా లేచిన ఫొటో కోసం ఎవరైనా గూళ్ళ దగ్గరికి నడిస్తే, తల్లి నీడ తప్పిన గుడ్లు ఎండకు పాడవుతాయి, లేదా కాకుల పాలవుతాయి. అలా తీసిన ఫొటో ఎంత గొప్పదైనా సంఘం స్వీకరించదని కార్యవర్గం తీర్మానించింది.

జమాఖర్చుల పట్టికను కోశాధికారి విడిగా అందజేశారు. ముద్రణ ఖర్చు అంచనాను మించింది, చందాలు ఆలస్యంగా అందాయి. మిగతా వివరాలు అందులో ఉన్నాయి.

ప్రదర్శనకు హాలు ఇచ్చినవారికి, చట్రాలు కట్టిపెట్టిన సభ్యులకు, అలల మీద పడవను నిలకడగా నడిపిన సరంగుకు, ఉప్పు నీరు పడిన లెన్సులను తుడవడానికి మంచినీళ్ళూ మెత్తటి గుడ్డలూ ప్రతిసారీ మరవకుండా తెచ్చిన మిత్రులకు, లేబుళ్ళ దగ్గర రాత్రిళ్ళు కూర్చున్న ఆ ముగ్గురికి కార్యవర్గం తరఫున హృదయపూర్వక కృతజ్ఞతలు.

పేర్లు రాయని ఫొటోల డిస్కులను, ఉంగరాలు కనిపించిన ఫ్రేముల జాబితాను, వచ్చే వలస కాలానికి ముందుగానే సిద్ధం చేసిన కొత్త దరఖాస్తును ఈ నివేదికతోపాటు రాబోయే కార్యవర్గానికి అప్పగిస్తున్నాను.

కార్యదర్శి