‘శత్రువు’ పక్కన మరో పలక

సంపాదకులకు,

వివాదాస్పద యుద్ధ స్మారకానికి చారిత్రక గుర్తింపు ఇస్తే గెలిచినవాడికి సన్మానం చేసినట్టేనని కొందరి వాదన. ఢిల్లీ రిడ్జ్‌పై ఆంగ్లేయులు 1863లో కట్టిన ఎర్రరాతి స్మారకాన్ని చూడండి. 1857 తిరుగుబాటులో తమవైపు పోరాడి చనిపోయినవారి కోసం కట్టారు. వారిలో భారతీయ సిపాయిలూ ఉన్నారు, ఆ సంగతే ఎవరూ ఎత్తరు. 1972లో దాన్ని కూల్చలేదు, పాత రాతలు చెరపలేదు. అజిత్‌గఢ్ అని పేరు మార్చి, పాత రాతల్లో ‘శత్రువు’ అన్నది విముక్తి కోసం పోరాడినవారినేనని మరో పలక పెట్టారు.

కొత్తగా ఏ కట్టడాన్నయినా కేంద్రం రక్షిత స్మారకంగా ప్రకటించాలంటే ప్రాచీన కట్టడాల రక్షణకు చేసిన 1958 చట్టం నాలుగో సెక్షన్ కింద ముందు గెజిట్ నోటీసు ఇవ్వాలి. అభ్యంతరాలకు గడువు రెండు నెలలు. వివరణ పలక కావాలనేవారు దానిపై ఏం రాయాలో కూడా అప్పుడే రాతపూర్వకంగా ఇవ్వడం మేలు. ఆ పలకను పాత రాతికి సిమెంటుతో అతికిస్తే తేమ, లవణాలు చేరి రాయి పొరలుగా రాలుతుంది. విడిగా దిమ్మె కట్టి నిలపాలి.

– ఒక పాఠకుడు, హైదరాబాద్