హెచ్ఐవీ ఉన్నవారి అవయవదానానికీ దారి ఇవ్వాలి

సంపాదకుడు గారికి,

బ్రెయిన్ డెడ్ అయిన వ్యక్తి అవయవాలను గ్రీన్ ఛానెల్ ఏర్పాటు చేసి తరలించారన్న వార్త విశాఖలో ఎప్పుడు వచ్చినా మనసు నిండుతుంది. పుట్టెడు దుఃఖంలోనూ సరేనన్న ఆ కుటుంబాలకు చేతులెత్తి నమస్కరించాలనిపిస్తుంది. అయితే ఈ దానంలో చోటు దొరకని వాళ్లు కూడా మన మధ్య ఉన్నారు. వాళ్లు హెచ్ఐవీతో బతుకుతున్నవారు. ఇంట్లోవాళ్లు ఒప్పుకున్నా సరే, రక్తపరీక్షలో పాజిటివ్ అని రాగానే మన దగ్గర ఆ ప్రయత్నం అక్కడితో ఆగిపోతుంది. హెచ్ఐవీ ఉన్న దాత లివర్‌ను హెచ్ఐవీ లేనివారికి పెట్టమని ఎవరూ అడగడం లేదు. ఇప్పటికే హెచ్ఐవీ ఉండి, లివర్ పూర్తిగా పాడై ఎదురుచూస్తున్నవారికి, వాళ్లు ఇష్టపడితే ఎందుకు పెట్టకూడదన్నదే నా ప్రశ్న.

ఇది మన రాష్ట్రం అడగాల్సిన ప్రశ్న. ఆంధ్రప్రదేశ్‌లో మూడు లక్షలకు పైగా హెచ్ఐవీ బాధితులున్నారు. దేశంలో మహారాష్ట్ర తర్వాత మనమే. 2004 నుంచి హెచ్ఐవీని అదుపులో ఉంచే ఏఆర్‌టీ మందులు ఉచితంగా ఇవ్వడం మొదలయ్యాక, వాటిని మానకుండా వాడేవాళ్లు చాలా ఏళ్లు బతుకుతున్నారు, ఉద్యోగాలు చేసుకుంటున్నారు, పిల్లల పెళ్లిళ్లు చేస్తున్నారు. ఇప్పుడు వాళ్లను లివర్, కిడ్నీ, గుండె జబ్బులు పట్టుకుంటున్నాయి. హెచ్ఐవీ సోకే దారుల్లోనే హెపటైటిస్ బి, సి కూడా సోకుతాయి కాబట్టి లివర్ గట్టిపడి పాడయ్యే సిర్రోసిస్ ముప్పు వీళ్లకు ఎక్కువ. కిడ్నీ పాడైతే డయాలసిస్ మీద కొన్నాళ్లు నెట్టుకురావచ్చు. లివర్‌కు ఆ వెసులుబాటు లేదు.

మా వీధిలో ఒకాయన ఒక్క పూట కూడా మందులు మానలేదు. కామెర్లు ముదిరి, కడుపులో నీరు చేరాక లివర్ మార్పిడి గురించి ఒక ఆసుపత్రిలో అడిగితే, హెచ్ఐవీ ఉందని వెయిటింగ్ లిస్టు మాట కూడా ఎత్తలేదు. ఆయన చనిపోయారు. వైద్యంలో హెచ్ఐవీ కారణంగా వివక్ష చూపకూడదని 2017లో చట్టం చేసుకున్నాం, 2018 సెప్టెంబరు నుంచి అది అమల్లో ఉంది. అయినా ఇదీ పరిస్థితి.

దక్షిణాఫ్రికాలో కేప్‌టౌన్ గ్రూట్ షూర్ ఆసుపత్రి సర్జన్ ఎల్మీ ముల్లర్ 2008లోనే హెచ్ఐవీ ఉన్న దాతల కిడ్నీలను హెచ్ఐవీ రోగులకు అమర్చడం మొదలుపెట్టారు. అమెరికాలో 1988 నుంచి ఉన్న నిషేధాన్ని 2013లో తొలగించారు. 2016లో జాన్స్ హాప్కిన్స్‌లో ఈ తరహా తొలి లివర్ మార్పిడి జరిగింది. అక్కడ కిడ్నీ మార్పిడి చేయించుకున్న 198 మంది హెచ్ఐవీ రోగులను పరిశీలిస్తే, దాతకు హెచ్ఐవీ ఉన్నా లేకున్నా ఫలితాలు దాదాపు ఒకేలా వచ్చాయి. 2024 నవంబరులో అక్కడి ప్రభుత్వం కిడ్నీ, లివర్ మార్పిడులు పరిశోధనలో భాగంగానే చేయాలన్న షరతు కూడా ఎత్తేసింది.

లివర్ విషయంలో ఇంకో నిజం కూడా చెప్పాలి. అమెరికాలో 45 మందితో చేసిన తొలి అధ్యయనంలో, హెచ్ఐవీ ఉన్న దాతల లివర్ పొందిన 24 మందిలో ఇన్ఫెక్షన్లు, మరణాలు ఎక్కువగా కనిపించాయి. దాతలో మందులకు లొంగని వైరస్ ఉంటే అది రోగికి చేరే ప్రమాదమూ ఉంది. కాబట్టి మన దగ్గర దీన్ని పరిశోధనగానే, ఎథిక్స్ కమిటీ కనుసన్నల్లో మొదలుపెట్టాలి. లాభనష్టాలు రెండూ రోగికి తెలుగులో విప్పి చెప్పి, రాతపూర్వకంగా సమ్మతి తీసుకోవాలి. అయితే లివర్ దొరక్క చావు ముంగిట ఉన్న మనిషికి, ఈ రిస్క్ తీసుకోవాలో వద్దో తేల్చుకునే హక్కు మాత్రం ఉండాలి. ఆయన ఆ లివర్‌కు ఒప్పుకుంటే లిస్టులో ఆయన వెనకున్న వాళ్లందరూ ఒక మెట్టు ముందుకు జరుగుతారు. వాళ్లలో హెచ్ఐవీ లేనివాళ్లే ఎక్కువ.

మందుల చిక్కు కూడా మునుపటంత లేదు. రిటోనవిర్ లాంటి పాత హెచ్ఐవీ మందులు, కొత్త అవయవాన్ని శరీరం తిప్పికొట్టకుండా ఇచ్చే టాక్రోలిమస్‌తో కలిస్తే పెద్ద గొడవే అయ్యేది. ఇప్పుడు ఏఆర్‌టీ కేంద్రాల్లో ఎక్కువమందికి ఇస్తున్న డొలూటెగ్రవిర్‌తో ఆ ఇబ్బంది చాలా తక్కువ.

విశాఖలో కేజీహెచ్, విమ్స్ ఆసుపత్రులు ఉన్నాయి. ఏఆర్‌టీ వైద్యులు, లివర్ నిపుణులు ఉన్నారు. రాష్ట్ర ప్రభుత్వం వీళ్లతో పాటు హెచ్ఐవీ బాధితుల ప్రతినిధులను కూడా కూర్చోబెట్టి ఒక విధానం రాయించి, కేంద్రానికి పంపాలి. బ్రెయిన్ డెడ్ అని తేలాక చేతిలో ఉండేది కొన్ని గంటలే. దాత ఏ మందులు వాడారో, వైరల్ లోడ్ (రక్తంలో వైరస్ మోతాదు) ఎంతో అర్ధరాత్రి అయినా ఏఆర్‌టీ కేంద్రం నుంచి తెలుసుకునే ఏర్పాటు ఉండాలి.

ఈలోగా రాష్ట్ర అవయవదాన కార్యక్రమమైన జీవన్‌దాన్ సమన్వయకర్తలకు ఒక శిక్షణ వెంటనే ఇవ్వాలి. ఒక్కోసారి దాతకు హెచ్ఐవీ ఉందన్న సంగతి ఇంట్లోవాళ్లకే తెలియకపోవచ్చు. అప్పుడే మనిషిని పోగొట్టుకున్న భార్యకో, కొడుక్కో ఏం చెప్పాలి, ఎంతవరకు చెప్పాలి, చట్టం ఇచ్చిన గోప్యత చెడకుండా భార్యకు పరీక్ష చేయించుకొమ్మని ఎలా సూచించాలి అన్నవి ఆసుపత్రి వరండాలో అప్పటికప్పుడు తేల్చుకునే విషయాలు కావు.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
మద్దిలపాలెం, విశాఖపట్నం