మాదాపూర్ గ్యాలరీలో నిచ్చెనెక్కిన అన్నకు

మాదాపూర్ స్టేట్ గ్యాలరీ ఆఫ్ ఆర్ట్‌లో మా గ్రూప్ షోకి ముందురోజు సాయంత్రం ఫ్రేములు తగిలించడానికి తోడొచ్చిన అన్నకు ఈ నాలుగు మాటలు. పేరడిగితే నవ్వి దాటేశారు, కాబట్టి ఇక్కడా పేరు లేదు.

నావి లాడ్‌బజార్ లక్కగాజుల తయారీ ఫొటోలు. నిప్పుల వెలుగులో తీసినవి, సగం నలుపే. అలాంటి వాటికి అద్దం బిగిస్తే బొమ్మ కన్నా ముందు చూసేవాళ్ల మొహమే కనిపిస్తుంది. మీరు నిచ్చెనెక్కి లైటును నిలువు నుంచి 30 డిగ్రీల దాకా వాల్చారు, ఆ మెరుపు పోయింది. ఫ్రేముల పై అంచులు కలపడం కాదు, ప్రతి బొమ్మ నడిమధ్య నేల నుంచి 57 అంగుళాల ఎత్తులో ఉండాలని టేపు పెట్టి మరీ చూపించారు. అప్పుడుగానీ చిన్నా పెద్దా ఫ్రేములన్నీ ఒక వరసలో కుదరలేదు.

ప్రింటు కింద తెల్ల అంచులో పెన్సిల్‌తో 1/10 అని రాయించిందీ మీరే. అంటే పది ప్రింట్లలో మొదటిదని; ఆ ఎడిషన్‌లో పదికి మించి వేయనని కొనేవాళ్లకిచ్చే మాట అది. (పెన్ను తీస్తే చేతిలోంచి లాక్కున్నారు కూడా!)

ఆరో నిజాం ఆస్థాన ఫొటోగ్రాఫర్ రాజా దీన్‌దయాళ్ పనిచేసిన ఊరు ఇది. అయినా ఫొటో కొనడమంటే "వాట్సాప్‌లో పంపరాదూ" అనేవాళ్లే ఎక్కువ. అలాంటిచోట నాదొకటి అమ్ముడుపోయింది. గాజులు చేసేవాళ్లు కూడా వచ్చి, తమ చేతుల్ని గోడ మీద చూసుకుని చాలాసేపు నవ్వుకున్నారు.

మిగతావి వరంగల్‌లో పెట్టాలని ఉంది. అటు వస్తే కనిపించండి అన్నా, ఈసారి చాయ్ డబ్బులు మాత్రం నావే.