బేరిపండ్ల పాకం

చి. బుజ్జికి,

నాన్న ఆశీస్సులు. కొన్న చిన్న బేరిపండ్లన్నీ రాళ్లలా ఉన్నాయని నిన్న ఫోనులో విసుక్కున్నావు కదా. విసుక్కోకు. బాగా మగ్గిన పండు కొరుక్కు తినడానికే బాగుంటుంది, పొయ్యి ఎక్కిస్తే గుజ్జయిపోతుంది. పాకంలో ఉడికించడానికి గట్టివే కావాలి. అలాగని మరీ పచ్చివైతే చప్పగా ఉంటాయి. తొడిమ పక్కన బొటనవేలితో నొక్కి చూడు. అక్కడ రవ్వంత లొంగితే పని మొదలుపెట్టవచ్చు. బేరిపండు లోపలి నుంచి బయటికి మగ్గుతుంది. పొట్ట భాగం మెత్తబడిందంటే లోపల అప్పటికే మెత్తదనం ముదిరిందన్నమాట.

తొక్క తీసేటప్పుడు తొడిమ మాత్రం ఉంచు. అందం కోసమే కాదు, పాకంలోంచి పండును పైకి తీయడానికి అదే పిడి. తీసినవి తీసినట్టు నిమ్మరసం కలిపిన నీళ్లలో వేయి, లేకపోతే గాలి తగిలి గోధుమరంగుకు తిరుగుతాయి. చిన్న పండ్లలో గింజల జోలికి పోనక్కరలేదు.

ఎనిమిది, పది పండ్లకు లీటరు నీళ్లు, 300 గ్రాముల పంచదార చాలు. పాకం అనగానే నీ చేయి తీగ కోసం వెతుకుతుంది. ఇక్కడ తీగ రాకూడదు. పంచదార కరిగితే అయిపోయినట్టే. పాకం చిక్కనైతే పండులోని నీటిని లాగేసి ముడతలు పడేలా చేస్తుంది. ఉత్త నీళ్లయితే పండులోని తీపి వాటిలోకి దిగిపోతుంది. ఈ రెంటి మధ్యన ఉండాలి.

మసాలాలు పొడి చేయకు, పాకం మడ్డిగా తయారవుతుంది. వేలెడు దాల్చినచెక్క, నాలుగు యాలకులు కాస్త చితక్కొట్టి, ఒక అనాసపువ్వు, అల్లం రెండు ముక్కలు, నిమ్మతొక్క ఒక పొర, అడుగున తెల్లని భాగం లేకుండా. లవంగాలు మూడు చాలు. మీ అమ్మ ఆరు వేస్తుంది. ఆరు వేస్తే పండు రుచి ఎక్కడుందో వెతుక్కోవాలి. ఈ మాట ఆమెకు చెప్పకు.

అసలు సంగతి సెగ. కుతకుత ఉడికితే పండ్లు ఒకదానికొకటి కొట్టుకుని పైన చెదిరిపోతాయి, లోపల మాత్రం గట్టిగానే ఉంటాయి. పాకం ఒకసారి మరిగాక సెగ బాగా తగ్గించు. అంచున ఒకటీ అరా బుడగలు పైకి వస్తుంటే చాలు. పండ్లు తేలతాయి, తేలిన వైపు ఉడకదు. అందుకే గిన్నె కొలతకు బటర్ పేపరు గుండ్రంగా కత్తిరించి, నడుమ చిన్న చిల్లు పెట్టి, పండ్లకు ఆనేలా పైన పరువు. గిన్నె కూడా పండ్లు సరిగ్గా పట్టేంతే ఉండాలి. మరీ వెడల్పుదైతే అవి మునగడానికి అనవసరంగా పాకం పెంచాల్సి వస్తుంది.

ఎంతసేపని అడుగుతావు. చిన్నవి పదిహేను నిమిషాల నుంచి అరగంట. ఒకే సంచిలోవి కూడా ఒకే సమయానికి ఉడకవు, కాబట్టి గడియారాన్ని నమ్మకు. సన్నని పుల్ల అడుగువైపు నుంచి గుచ్చితే అడ్డం లేకుండా దిగాలి. ఉడికినది ఉడికినట్టు పక్కకు తీసేయి. తినేటప్పుడు అక్కడక్కడ ఇసుకలా పంటికి తగిలితే ఉడకలేదనుకోకు. ఆ గట్టి కణాలు బేరిపండుకు పుట్టుకతో వచ్చినవి.

వెంటనే తినాలనిపిస్తుంది. ఆగు. లవంగాలు, అనాసపువ్వు తీసేసి, పండ్లన్నీ తిరిగి పాకంలోనే వేసి చల్లారనిచ్చి, రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచు. పొయ్యి మీద పండు మెత్తబడుతుందే గాని, తీపీ మసాలా లోపలికి ఇంకేది ఆ రాత్రే. పాకంలో మునిగి ఉంటే నాలుగు రోజులు బాగుంటాయి.

పండ్లు తీశాక కొంచెం పాకం విడిగా మరగనివ్వు. సగానికి తగ్గితే జిగురొస్తుంది, వడ్డించేటప్పుడు పైన పోయవచ్చు. మిగిలింది పారబోయకు, టీలో పంచదార బదులు వేసుకో. ఒక పండు అతిగా మెత్తబడినా పరవాలేదు, చిదిపి పెరుగులో కలుపుకో.

ఎలా వచ్చిందో ఆదివారం ఫోను చేసి చెప్పు. లవంగాలు ఎన్ని వేశావో మాత్రం నేను ఒక్కడినే ఉన్నప్పుడు చెప్పు.

నాన్న