పిలాతు ముందు నల్లకోటు లాయర్లా?

సంపాదకులకు,

గుంటూరు నాటక పరిషత్తులకు క్రీస్తు విచారణ రాసేవారికి ఒక మాట. మన సెషన్స్ కోర్టును యెరూషలేముకు మోసుకెళ్లకండి. రోమన్ పౌరసత్వం లేనివాడి కేసులో పిలాతులాంటి రోమన్ గవర్నరుకు జ్యూరీ అక్కర్లేదు. తానే వింటాడు, తానే శిక్ష వేస్తాడు. అపొస్తలుడు పౌలు కైసరుకు, అంటే రోమన్ చక్రవర్తికి, చెప్పుకోగలిగింది రోమన్ పౌరుడు కాబట్టే.

రాత్రి విచారణ చెల్లదని పాత్రల చేత గట్టిగా వాదింపజేస్తారు. ఆ నియమం ఉన్న మిష్నా (యూదుల ధర్మశాస్త్ర సంకలనం) కూర్పు జరిగింది సుమారు క్రీ.శ. 200లో. పిలాతు ఏలింది 26-36 మధ్య. అప్పటికే అమల్లో ఉందా అన్నది పండితుల్లో ఇంకా తేలలేదు. ఆ డైలాగును అనుమానంగా పలికిస్తే నాటకం ఇంకా రక్తి కడుతుంది.

పిలాతు హోదా ప్రిఫెక్ట్. ఇజ్రాయెల్‌లోని కైసరయలో, పాత రోమన్ నాటకశాలలో మెట్టుగా వాడేసి 1961లో బయటపడ్డ రాతిమీద అలాగే చెక్కి ఉంది. చాలా స్క్రిప్టుల్లో మాత్రం ఇంకా ప్రొక్యురేటర్ అనే వేరే హోదాయే!

— ఒక పాఠకుడు, బ్రాడీపేట, గుంటూరు