ఓల్డ్ కోర్స్ ఆడిస్తానన్నాను, సగం మందికే ఆడించగలిగాను

మా కస్టమర్లందరికీ నమస్కారం.

మొన్న మే నెలలో గోల్ఫ్ ట్రిప్పుకని స్కాట్లాండ్ తీసుకెళ్లిన ఎనిమిది మందిలో నలుగురు, సెయింట్ ఆండ్రూస్ ఊళ్లోని పాత గోల్ఫ్ మైదానం ఓల్డ్ కోర్స్‌లో ఆడారు. మిగతా నలుగురికీ ఆ యోగం దక్కలేదు. ఈ సంగతి హైదరాబాద్‌లో మీలో చాలామందికి ఈపాటికే తెలిసిపోయింది. ఆ నోటా ఈ నోటా వినేకంటే నేనే చెప్తే మర్యాదగా ఉంటుందని రాస్తున్నాను.

తప్పు నాదే. వాట్సాప్‌లో పంపిన పోస్టర్ మీద "ఓల్డ్ కోర్స్‌లో ఒక రౌండ్" అని ఇంత లావు అక్షరాల్లో వేయించాను. "డ్రాలో పేరొస్తేనే" అన్న ముక్క ఎక్కడో కింద, చీమ తలకాయంత అక్షరాల్లో ఉంది. అది ఎవరూ చదవలేదు. చదవాలని నేనూ కోరుకోలేదు, ఉన్నమాట చెప్పాలంటే.

"ఇంకాస్త ఎక్కువ కట్టినా దొరకదా?" అని తిరిగొచ్చాక ఒకాయన అడిగారు. మామూలు దారిలో దొరకదండీ. ఆ నేల ఊరి ఉమ్మడి సొత్తు. లింక్స్ అనే ఆ ఇసుక నేల మీద ఆడుకునే హక్కు ఊరివాళ్లకుందని 1552లోనే అక్కడి ఆర్చిబిషప్ రాసిచ్చాడు. మధ్యలో ఒకసారి చేజారింది కూడా. 1797లో ఊరి ఖజానా దివాలా తీస్తే ఆ భూమిని కుందేళ్ల వ్యాపారులకు అమ్మేశారు. గోల్ఫ్ ఆడే చోట కుందేళ్ల పెంపకం! ఎక్కడపడితే అక్కడ బొరియలు. ఆటగాళ్లకీ వ్యాపారులకీ ఇరవై ఏళ్లకు పైగా గొడవలు, కోర్టు కేసులు. చివరికి 1821లో జేమ్స్ చీప్ అనే భూస్వామి, ఆయనా ఆటగాడే, ఆ నేలని కొని కాపాడాడు. ఇప్పుడు 1974లో చట్టం చేసి పెట్టిన ట్రస్టు చూసుకుంటోంది. ఆట సమయాల్లో ఊరివాళ్ల వాటా ఊరివాళ్లది, బయటివాళ్ల వాటా బయటివాళ్లది. అధికారికంగా కొంత కోటా ఉన్న పెద్ద కంపెనీలు ఉన్నాయి, వాటి ప్యాకేజీ ధర వేరే లెవెల్. మాది ముగ్గురు మనుషుల ఆఫీసు. మాకు మిగిలింది డ్రా ఒక్కటే.

ఆ డ్రా ఎలాగంటే, ఆడాల్సిన రోజుకి రెండు రోజుల ముందు మధ్యాహ్నం రెండింటిలోగా పేర్లు, ఆట స్థాయి చెప్పే హ్యాండిక్యాప్ అంకెలు ఇవ్వాలి. సాయంత్రానికి ఫలితం వస్తుంది. తగిలితేనే డబ్బు కట్టాలి, తగలకపోతే మరుసటి రోజు మళ్లీ వేసుకోవచ్చు. అంటే ఊళ్లో ఎన్ని రోజులుంటే అన్ని అవకాశాలు. నేను బోల్తా పడింది ఇక్కడే. గురువారం రాత్రికి చేరి ఆదివారం బయల్దేరేలా ప్లాన్ వేశాను. ఆదివారం ఓల్డ్ కోర్స్‌లో ఆట ఉండదు, అది తెలిసే వేశాను. శనివారానికి కింగ్స్‌బార్న్స్ అనే ఇంకో కోర్సు ముందే బుక్ చేసి డబ్బు కట్టేశాను. ఇక మిగిలింది శుక్రవారం ఒక్కటే. మూడు రాత్రులకి హోటల్ డబ్బు పెట్టించి, ఒక్క చీటీ మీద అందరి ఆశా పెట్టాను.

బుధవారం ఎడిన్‌బరా హోటల్లో చీటీలు తీసి నలుగురేసి రెండు జట్లు చేశాం. సాయంత్రం ఫలితం వచ్చింది. మొదటి జట్టు పేర్లున్నాయి, రెండోది లేదు. పేరొచ్చినవాళ్లు గట్టిగా సంతోషపడలేక ఫోన్లు జేబులో పెట్టేసుకున్నారు. ఆ రాత్రి భోజనం దగ్గర ఎవరూ ఎవరి మొహం చూడలేదు.

ఇంకో దారి ఉంది, దాన్నీ చెడగొట్టాను. ఒంటరి ఆటగాళ్లు ఇదివరకు అర్ధరాత్రి నుంచి క్యూ కట్టి, ఖాళీ ఉన్న జట్టులో చేరేవాళ్లు. 2024 నుంచి ఆ క్యూ పోయింది. ముందురోజు సాయంత్రం ఐదింటిలోగా మనిషి స్వయంగా వెళ్లి పేరు నమోదు చేసుకుంటే డ్రా తీస్తారు. గురువారం మా వ్యాను ఊళ్లోకి వచ్చేసరికి ఆరు. దారిలో ఫోర్త్ రైలు వంతెన దగ్గర ఫోటోలకని గంట ఆపించింది నేనే.

ఆడినవాళ్ల సంగతి కొంచెం చెప్పాలి, ఎందుకంటే వచ్చే ట్రిప్పుకి పేరిచ్చినవాళ్లలో కొందరు పచ్చటి తివాచీ లాంటి కోర్సు ఊహించుకుంటున్నారు. అది కాదు. సముద్రానికీ పొలాలకీ మధ్య మిగిలిపోయిన ఇసుక నేల, దాని మీద పొట్టి గడ్డి, పసుపు పూల ముళ్లపొదలు. నేల గట్టిగా, ఎగుడుదిగుడుగా ఉంటుంది. మన దగ్గర బంతిని ఎత్తుగా లేపి, జెండా, గుంత ఉండే గ్రీన్ మీద దించడం అలవాటు. అక్కడ అలా లేపితే గాలి తీసుకెళ్లి ఇంకెక్కడో పడేస్తుంది. మా జట్టులో కాకినాడ నుంచి వచ్చిన డాక్టరు గారు గ్రీన్‌కి నలభై గజాల దూరంలో బంతిని పైకి లేపే కర్ర వెడ్జ్ తీస్తే, బ్యాగు మోసే కేడీ మాట్లాడకుండా అది లాక్కుని, బంతిని దొర్లించే పుట్టర్ చేతికిచ్చాడు. ఆయన మొహమాటపడుతూనే దొర్లించారు. బంతి రెండు గుట్టలెక్కి, దిగి, జెండాకి నాలుగడుగుల్లో ఆగింది. ఆ తర్వాత రోజంతా ఆయన బ్యాగులో వెడ్జ్ కదల్లేదు.

పద్దెనిమిది హోల్స్‌లో పద్నాలుగింటికి, రెండేసి హోల్స్‌కి ఒకటి చొప్పున, గ్రీన్‌లు ఉమ్మడివే. రెండూ పదహారూ, ఐదూ పదమూడూ, ఇలా కలిపితే పద్దెనిమిది వచ్చే జతలు. వెళ్లేటప్పుడు తెల్లజెండా, వచ్చేటప్పుడు ఎర్రజెండా. ఐదో హోల్లో మావాళ్లొకరు ఎర్రజెండాకి గురిపెట్టి బ్రహ్మాండంగా కొట్టారు. దగ్గరకెళ్లాక చూస్తే తెల్లజెండా ఎక్కడో ఉంది! పుట్ కొట్టడానికి ముందు అడుగులు లెక్కపెట్టారు, యాభై దాటాయి. బంకర్లు, అంటే ఇసుక గుంటలు, 112. పూర్వం ఈ కోర్సుని ఎదురు దిక్కున ఆడేవాళ్లు కాబట్టి కొన్ని మనకి మొదటి దెబ్బ కొట్టే టీ నుంచి కనపడనే కనపడవు. 2000లో ఓపెన్ అనే పెద్ద టోర్నమెంటులో టైగర్ వుడ్స్ నాలుగు రౌండ్లలో ఒక్కదాంట్లో కూడా పడలేదంటే, మావాళ్లు ఒక్క పూటలో పదకొండింట్లో పడ్డాక గానీ ఆ గొప్ప అర్థం కాలేదు.

దక్కని నలుగురూ పక్కనే న్యూ కోర్స్ ఆడారు. పేరు న్యూ అయినా అది 1895 నాటిది, అప్పటి పేరుమోసిన ఆటగాడు ఓల్డ్ టామ్ మోరిస్ వేసింది. ఆట బాగుందనే అన్నారు. కానీ కొన్న సరుకు అది కాదు కదా.

ఆదివారం పొద్దున మాత్రం ఎనిమిది మందీ ఓల్డ్ కోర్స్ మీద నడిచారు. ఆ రోజు అది ఊరి పార్కు, కుక్కల్ని తెచ్చేవాళ్లు, పిల్లల బళ్లు తోసుకొచ్చేవాళ్లు. స్విల్కన్ వంతెన టీవీలో చూసి ఏదో అనుకుంటాం గానీ, పంటకాలవ మీద వేసే రాతి కట్టడమంత ఉంటుంది. పేరు రాని నలుగురిలో పెద్దాయన దాని మీద నిలబడి, చేతిలో క్లబ్ లేకుండానే ఫోటో తీయించుకున్నారు. "ఏం బాబూ, ఇది ప్యాకేజీలోదేనా?" అన్నారు నాతో. నవ్వుతూనే అన్నారు. నాకు నవ్వు రాలేదు.

ఇక లెక్కలు. ఆ నలుగురికీ ఓల్డ్ కోర్స్ ఫీజు, మూడొందల పౌండ్ల పైమాటే అది, పూర్తిగా వెనక్కి వేశాను. న్యూ కోర్స్ ఖర్చు అందులో తగ్గించలేదు. వాళ్లలో ఎవరు మళ్లీ వచ్చినా నా సర్వీస్ చార్జీ ఉండదు.

వచ్చే ట్రిప్పు నుంచి ఆదివారం చేరతాం, శుక్రవారం బయల్దేరతాం. సోమవారం నుంచి గురువారం దాకా నాలుగు డ్రాలు. పేరొచ్చిన రోజే ఓల్డ్ కోర్స్, రాని రోజున దొరికిన కోర్సు. అందుకని ముందే ఇంకెక్కడా డబ్బు కట్టను. ఫీజు మీ దగ్గర ముందుగా తీసుకోను, తగిలిన రోజు మీరే కట్టుకోండి. నాలుగు సార్లూ తగలకపోవచ్చు, అది ఒప్పుకునేవాళ్లే పేరివ్వండి. 2027లో ఓపెన్ అక్కడే కాబట్టి ఆ వేసవికి మాత్రం ట్రిప్పు పెట్టను.

హ్యాండిక్యాప్ సర్టిఫికెట్ లేనివాళ్లు క్లబ్బులో ఇప్పుడే అడగండి. ఎక్కి తిరిగే బగ్గీ బళ్లు మామూలుగా ఇవ్వరు, పద్దెనిమిది హోల్స్ నడవాలి. మోకాళ్ల నొప్పులుంటే దాచకుండా నాకు ముందే చెప్పండి. మే నెల కదా అని కాటన్ చొక్కాలతో రావొద్దు, ఈసారి ఇద్దరికి నా స్వెట్టర్లు ఇవ్వాల్సొచ్చింది. అందులో ఒకటి ఇంకా తిరిగి రాలేదు.