బాబీకి అమ్మ రాయునది

బాబీ,

వాట్సాప్‌లో పెడితే నీలం టిక్కులు పడుతున్నాయే తప్ప జవాబు రావట్లేదు, అందుకే మెయిల్లో రాస్తున్నా. ఫోన్‌లోనే కొడుతున్నాను, అక్షరాలు అటూ ఇటూ అయితే సర్దుకో. ఇక్కడ అందరం బాగానే ఉన్నాం. వానలు మొదలయ్యాయి. పనసచెట్టు కాపు అయిపోయింది, నీ వాటా పొట్టు కొట్టించి ఫ్రిజ్‌లో పెట్టాను, నువ్వు వస్తే ఆవ పెట్టి చేద్దామని. నానమ్మ మోకాళ్లు మామూలే. మొన్న పద్మ పిన్ని వచ్చి వెళ్లింది. ఏదేదో చెప్పిందిలే, తర్వాత రాస్తా.

మీ ఆంధ్రా యూనివర్సిటీ వందేళ్ల గురించి పేపర్లో పెద్దగా వేశారు. మీ నాన్న కత్తిరించి దాచారు. ఆయన సంగతి తెలుసుగా, చదవరు, కత్తిరిస్తారు. నేనే చదివాను. 1926లో బెజవాడలో మొదలుపెట్టి 1930లో వాల్తేరు తీసుకొచ్చారని అదంతా తెలిసిందే. ఇకముందు లక్ష్యాలంటూ పరిశోధన పెంచుతాం, పరిశ్రమలతో కలిసి పనిచేస్తాం, స్టార్టప్‌లు పెట్టిస్తాం అని ఉంది. మంచివే. కాలేజీలకి, యూనివర్సిటీలకి గ్రేడ్లిచ్చే న్యాక్ వాళ్లు 2023లో అన్నిటికన్నా పై గ్రేడు ఏ ప్లస్ ప్లస్ కూడా ఇచ్చారు కదా. కానీ ఆ వాక్యాలు ఏ యూనివర్సిటీ పేరు కింద అచ్చేసినా అతికిపోతాయి. పరిశోధన పెంచుతాం అంటే ఎవరు పెంచుతారు, మీలాంటి స్కాలర్లు రోజూ ల్యాబ్‌కి వెళితేనే కదా. వెళ్తున్నావా?

సరే, దాచడమెందుకు. పద్మ పిన్ని చెప్పిందేమిటంటే, వాళ్ల ఆడపడుచు కొడుకు నిన్ను ఆ మందుల ఫ్యాక్టరీలుండే పరవాడ బస్సులో చూశాడట, మెడలో ఏదో కంపెనీ కార్డు వేలాడుతోందట. హాస్టల్ గది కూడా ఖాళీ చేశావని అన్నాడట. నేను నమ్మలేదు. ఆ అబ్బాయికి చిన్నప్పట్నుంచీ దూరం చూపు తక్కువ. కాకపోతే నీలం గళ్ల చొక్కా అన్నాడు, అది మొన్న సంక్రాంతికి మనం విజయనగరంలో కొన్నదే.

అది వదిలెయ్. ఆ పేపర్లో కరస్పాండెన్స్ కోర్సుల మాట ఒక్క లైనులో తేల్చేశారు, నాకు ఒళ్లు మండింది. నన్నడిగితే ఆ యూనివర్సిటీ విలువలంటే అక్కడే కనిపిస్తాయి. లంకపల్లి బుల్లయ్య గారు వీసీగా ఉన్నప్పుడు, 1972లో అవి మొదలుపెట్టకపోతే నేను ఎం.ఏ. చేసేదాన్నే కాదు. పాఠాల కట్ట పోస్టులో వచ్చేది. నానమ్మకి చదువు రాదు కానీ ఎలుకలు కొడతాయని దాన్ని బియ్యం డబ్బాలో పెట్టేది, ప్రబంధాలకి అంటిన తవుడు దులిపి చదివేదాన్ని. కాంటాక్ట్ క్లాసులకి అక్కని చంకనేసుకుని రాయగడ పాసింజర్లో వెళ్లి, చినవాల్తేరులో పెద్దత్త ఇంట్లో దిగేదాన్ని. మే నెల, ఆ సముద్రపు ఉక్క నీకు నేను చెప్పాలా. నా పక్క బెంచీలో ఆర్టీసీ కండక్టర్ ఒకాయన, పాలకొండ వైపు మనిషి. రాత్రి డ్యూటీ దిగి నేరుగా వచ్చేసేవాడు. ఖాకీ మీదే మామూలు చొక్కా తొడుక్కునేవాడు, లోపలి కాలరు కనిపిస్తూనే ఉండేది. డబ్బులు డిపోలో కట్టేసినా ఖాళీ తోలుసంచీ ఒళ్లోంచి తీసేవాడు కాదు, అలవాటు. ఒకరోజు మాస్టారు ఛందస్సు చెబుతుంటే ఈయన కునుకు తీసి, నిద్రలోనే గట్టిగా "రైట్ రైట్" అన్నాడు. క్లాసు క్లాసంతా నవ్వు. అక్క ఉలిక్కిపడి ఏడుపు. మాస్టారు మాత్రం నవ్వకుండా, "మీరెక్కడ దిగిపోయారో చెప్పండి, అక్కడి నుంచి మళ్లీ మొదలెడతా" అన్నారు. అన్నట్టే సాయంత్రం అందరూ వెళ్లాక వరండాలో కూర్చోబెట్టి ఆ పాఠమంతా మళ్లీ చెప్పారు. అక్క ఏడుపులో నాకూ సగం పోయింది కాబట్టి నేనూ కూర్చున్నా. తర్వాత ఆ కండక్టర్ రావడం మానేశాడు. మానుకున్నాడు పాపం అనుకున్నాం. రెండు మూడు రోజులకి మాస్టారి పేరిట పోస్టు కార్డు వచ్చింది, డ్యూటీ మార్చారు, ఇక రాలేను, మిగిలిన పాఠాలేవో దయచేసి తెలియజేయగలరు అని. మాస్టారు నన్ను నోట్సు అడిగితే కార్బన్ పెట్టి రాసిచ్చాను. పాసయ్యాడో లేదో తెలీదు. పరీక్ష హాల్లో మాత్రం చూశాను, సంచీ లేకపోయేసరికి చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలీక బల్ల అంచు పట్టుకుని కూర్చున్నాడు.

కార్డు ముక్క రాశాడు, చూశావా. రాత్రంతా టికెట్లు కొట్టిన మనిషి.

నీకు లెక్చర్ ఇవ్వకూడదని మీ నాన్నకి మాటిచ్చి మరీ కూర్చున్నాను, అయినా వచ్చేస్తోంది. నువ్వు పనిచేసే కెమిస్ట్రీ ఎలాంటి చోటనుకున్నావ్. కెమిస్ట్రీ ప్రొఫెసర్ శేషాద్రి గారు 1930లలో వాల్తేరులోనే పత్తిపూల రంగుల రసాయనాల మీద పనిచేశారని ఎం.ఎస్సీ.లో చేరినప్పుడు నువ్వే నాకు చెప్పావు, అన్నం చల్లారిపోతున్నా ఆపకుండా. ఆ మాట ఎత్తి ఎన్నాళ్లైందో చూసుకో. నిన్ను అక్కడే కట్టేయాలని కాదు. సి.ఆర్.రావు గారు 1940లో మీ దగ్గరే లెక్కల ఎం.ఏ. చేసి మిలటరీ ఉద్యోగం కోసం కలకత్తా వెళ్లారు. అది రాలేదు, స్టాటిస్టిక్స్‌లో పడ్డారు, 102 ఏళ్ల వయసులో 2023లో ఆ రంగంలో అంతర్జాతీయ బహుమతి వచ్చింది. దారి మారితే మారనీ.

మీ మొదటి వీసీ కట్టమంచి రామలింగారెడ్డి గారే మానేశారుగా. 1930లో శాసనోల్లంఘన రోజుల్లో సర్కారు జనం మీద లాఠీలు ఆడిస్తుంటే నేనీ కుర్చీలో ఉండనని రాజీనామా చేశారు. కారణం చెప్పి మరీ చేశారు. అందుకే రాధాకృష్ణన్ గారి తర్వాత 1936లో తలెత్తుకుని తిరిగి రాగలిగారు, 1949 దాకా ఉన్నారు. యుద్ధంలో విశాఖ మీద బాంబులు పడితే యూనివర్సిటీయే గుంటూరు వెళ్లి మళ్లీ వచ్చింది. మానేయడం తప్పని ఈ ఇంట్లో ఎవరూ అనరు. నీ పీహెచ్‌డీ చూసే గైడ్ గారికి చెప్పావా అని అడుగుతున్నా. హాస్టల్ ఖాళీ చేసి సంతకం పెట్టడం చెప్పడం కాదు.

ఇంకోటి. 2022 యూజీసీ నిబంధనల్లో పార్ట్‌టైమ్ పీహెచ్‌డీ ఉందట. మాకు అభ్యంతరం లేదని కంపెనీ నుంచి ఎన్.ఓ.సీ. కాగితం తెస్తే ఉద్యోగం చేస్తూనే చేయొచ్చట, గడువు ఆరేళ్లు, ఆపైన ఇంకో రెండేళ్లు ఇవ్వొచ్చట. మధ్యలో మారడానికి మీ దగ్గర ఒప్పుకుంటారో లేదో నువ్వే కనుక్కోవాలి. ఫెలోషిప్ పోతుంది, పోనీ. పరిశ్రమలతో కలిసి పనిచేయడం మా లక్ష్యం అని వాళ్లే అంటున్నప్పుడు, పరవాడలో పనిచేసే పిల్లాడు వెళ్లి అడిగితే కొట్టరు కదా.

పరవాడ అంటే గుర్తొచ్చింది, రాత్రి షిఫ్టులు వేస్తున్నారా? రియాక్టర్ల దగ్గరా, లేక ల్యాబ్‌లోనా? 2024 ఆగస్టులో అచ్యుతాపురం మందుల ఫ్యాక్టరీ ప్రమాదంలో 17 మంది పోయినప్పుడు టీవీ ముందు నుంచి లేవలేకపోయాను. మాస్కు, బూట్లు వాళ్లు ఇస్తారా, మనం కొనుక్కోవాలా? ఇవ్వకపోతే చెప్పు, డబ్బులు వేస్తాను. బస్సులో పడుకోకు, పర్సు ముందు జేబులో పెట్టుకో. ఎవరితో కలిసి రూం తీసుకున్నావు, వంట ఎవరు చేస్తారు, అదీ రాయి. ఇవేవీ నిజం కాకపోతే ఇంకా మంచిది, అప్పుడు ఆ గళ్ల చొక్కా ఎవరిదో కనుక్కుని పద్మ పిన్నికి నేను చెప్పుకుంటా.

శనివారం లోపు ఫోన్ చెయ్. చెయ్యకపోతే మీ నాన్న ఆదివారం రాత్రికే సంచీ సర్దుకుంటానంటున్నారు. సోమవారం పొద్దున్నే ఏయూ అవుట్ గేటు దగ్గర దిగి, నీకు ఫోన్ కూడా చెయ్యకుండా నేరుగా మీ గైడ్ గారి గది ముందు కూర్చుంటారు, ఆ పేపరు ముక్క పట్టుకుని. ఆయనతో పనసపొట్టు పంపను, దారిలోనే పాడవుతుంది. నువ్వే రా.

అమ్మ